ద్రాక్షతోట పనివాళ్ల ఉపమానం చెప్పి మా నాన్న నోరు మూయించారు. దాని అర్థం ఇదేనా?

చిలకలగూడ_చిన్నోడు
పోయిన ఆదివారం నుంచి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. ఇక్కడైనా చెప్పుకుందామని రాస్తున్నాను, కాస్త పొడుగే.

మా సంఘంలో నాన్న 26 ఏళ్లుగా ఉన్నాడు. రేకుల షెడ్డులో పన్నెండు కుటుంబాలతో మొదలైనప్పటి నుంచి. చాపలు దులపడం, మైకు సర్దడం, కానుకల లెక్క రాయడం, ఎవరైనా పోతే అందరికన్నా ముందు వెళ్లి టెంటు వేయించడం, అన్నీ ఆయనే. గుడి తాళంచెవి మా వంటింటి గోడకు మేకుకి వేలాడేది. చిన్నప్పుడు నేను దానితో ఆడితే వీపు పగిలేది.

ఎనిమిది నెలల కిందట ఒకాయన సంఘంలో చేరారు. మంచి ఉద్యోగం, మంచి మనిషే. రెండు ఏసీలు పెట్టించారు. రెండు వారాల కిందట ఆయన్ని సంఘపెద్దగా ప్రకటించారు. తాళంచెవి ఆయనకి ఇచ్చేయమని నాన్నకి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ఫోన్ కూడా చేయలేదు. నాన్న ఇద్దరు ముగ్గురి దగ్గర బాధపడ్డాడు, అది పాస్టర్‌గారి చెవిన పడింది.

ఆదివారం ప్రసంగం మత్తయి 20. ద్రాక్షతోట యజమాని పొద్దున పనికి వచ్చినవాడికీ సాయంత్రం అయిదింటికి వచ్చినవాడికీ ఒకటే దేనారం (ఒక రోజు కూలి) ఇస్తాడు, పొద్దున వచ్చినవాళ్లు సణుగుతారు. "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా" అన్న మాట నాన్న కూర్చునే మూల వైపు చూస్తూ మూడుసార్లు చదివారు. సంఘమంతా తల తిప్పి చూసింది.

అడిగేది ఒకటే. ఈ ఉపమానం పాతవాళ్ల నోరు మూయించడానికే చెప్పారా? తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ ఆ అధ్యాయం ఒకసారి చదివి తిట్టండి.

కూకట్‌పల్లి_కోడర్
మా ఆఫీసులో ప్రతి ఏప్రిల్‌లో జరిగేది ఇదే. నాలుగేళ్లు చాకిరీ చేసిన నాకంటే నిన్న చేరినవాడికి ప్యాకేజీ ఎక్కువ. అడిగితే హెచ్‌ఆర్ మేడమ్ మార్కెట్ రేటు అంటుంది. మీ పాస్టర్‌గారు కృప అంటున్నారు. అంతే తేడా.

అడిక్‌మెట్_ఆంటీ
నీ లెక్క తప్పు బాబూ. కథలో చివర వచ్చినవాడికి ఎక్కువ ఇవ్వలేదు, సమానంగా ఇచ్చారు. నీకు ఎక్కువిచ్చి కొత్తోడికి కూడా అంతే ఇస్తే, అప్పుడు సణిగితే అది కడుపుమంట. నీది జీతం తక్కువైన బాధ.

సణుగుడు_సంఘం
నా హ్యాండిల్ పేరు ఇన్నాళ్లకి సార్థకమైంది. హాజరు వేసుకోండి.

యేసే_నా_కాపరి
చిన్నోడు గారూ, బాధపడకండి కానీ నిజం చెప్తాను. మీ నాన్నగారు చేసింది దేవుడికా, తాళంచెవికా? దేవుడికైతే తాళం ఎవరి దగ్గరుంటే ఏం? ప్రసంగం గుచ్చుకుందంటే వాక్యం పనిచేస్తోందని అర్థం.

చిలకలగూడ_చిన్నోడు
@యేసే_నా_కాపరి ఈ మాట అంటారని తెలుసు. గుచ్చుకుంది వాక్యం కాదండీ, అందరి చూపులు.

వేదాంతం_సెకండియర్
సెమినరీలో ఈ మధ్యే దీని మీద పేపర్ రాశాను కాబట్టి దూరుతున్నాను.

ఈ ఉపమానం మత్తయిలో తప్ప మిగతా మూడు సువార్తల్లో లేదు. అందుకని మత్తయి దాన్ని ఎక్కడ పెట్టాడో చూడాలి. సరిగ్గా ముందు, 19వ అధ్యాయం చివర, పేతురు అడుగుతాడు: మేము అన్నీ వదిలేసి నీ వెంట వచ్చాం, మాకేం దొరుకుతుంది అని. అప్పటికి సీనియర్ ఆయనే కదా. ఉపమానం అయ్యాక, యేసు తన మరణం గురించి చెప్పిన వెంటనే, జెబెదయి కుమారుల తల్లి వస్తుంది. నా కొడుకుల్లో ఒకణ్ణి నీ కుడివైపు, ఒకణ్ణి ఎడమవైపు కూర్చోబెట్టుకో అని. అంటే ముందూ వెనకా కుర్చీల గోలే. మధ్యలో ఈ కథ.

కాబట్టి పాతవాళ్లకి చెప్పిన మాటే, అందులో మీ పాస్టర్‌గారు తప్పేమీ చెప్పలేదు. కానీ అదే కథ కుర్చీ కోసం వచ్చినవాళ్లకీ తగులుతుంది. ఒక్క మూల వైపే చూసి చదవడమే తప్పు.

ఇంకో ముచ్చట. తెలుగులో కడుపుమంట అన్నచోట గ్రీకు మూలంలో కడుపూ లేదు, మంటా లేదు. నీ కన్ను చెడ్డదా అని ఉంటుంది. ఎదుటివాడికి మంచి జరిగితే ఓర్వలేని కన్ను. మనవాళ్లు దాన్ని కంట్లోంచి కడుపులోకి దించారు. నాకైతే ఈ అనువాదం చాలా ఇష్టం.

సణుగుడు_సంఘం
అంటే దిష్టి. ద్రాక్షతోట గేటుకి బూడిద గుమ్మడికాయ కట్టి ఉంటే ఆ కడుపుమంట వచనం అవసరమే ఉండేది కాదు.

మోడరేటర్
సంఘం పేరు, పాస్టర్ పేరు ఎవరూ అడగొద్దు, ఎవరూ ఊహించి రాయొద్దు. ఇప్పటికే ఒక పోస్టు తీసేశాను. గుమ్మడికాయ జోకులు ఒకటి చాలు.

నల్లకుంట_నాస్తికుడు
నాకు దేవుడితో పని లేదు కానీ కథలంటే ఇష్టం. ఆ యజమాని మీద ఎవరికీ అనుమానం రాకపోవడమే నాకు ఆశ్చర్యం. కూలి ఇచ్చేటప్పుడు చివర వచ్చినవాళ్లతో మొదలుపెట్టమని పనిగట్టుకుని చెప్తాడు. పొద్దున వచ్చినవాళ్లకి ముందే ఇచ్చి పంపేస్తే గొడవే లేదు, వాళ్లకి తెలిసేది కూడా కాదు. అందరి కళ్ల ముందు ఇచ్చి, వాళ్లలో వాళ్లకి తంటా పెట్టి, మళ్లీ నా డబ్బు నా ఇష్టం అంటాడు. నిజాం కాలం దొరలు కూడా ఇదే మాట అనేవాళ్లు. విలియం హెర్జోగ్ అనే అమెరికన్ పండితుడు 1994లో ఇలాగే రాశాడు. యజమాని దేవుడు కాదు, ఆ కాలపు పెద్ద భూస్వామి, కూలీల బతుకు ఎలా ఉండేదో చూపించడానికే ఈ కథ అని. చర్చీలో ఈ సంగతి చెప్పరు.

వేదాంతం_సెకండియర్
@నల్లకుంట_నాస్తికుడు మాకు చెప్తారండీ, హెర్జోగ్ మా రీడింగ్ లిస్టులోనే ఉన్నాడు. మీ పాయింటుకి ఇంకో బలం ఇస్తాను. యజమాని ఆ సణిగేవాణ్ణి "స్నేహితుడా" అంటాడు కదా, ఆ గ్రీకు పదం మత్తయిలో మూడే చోట్ల వస్తుంది. ఇక్కడ, పెళ్లి బట్టలు లేకుండా విందుకి వచ్చినవాడి దగ్గర, గెత్సేమనే తోటలో యేసుని పట్టించడానికి వచ్చిన యూదాతో. మూడు చోట్లా అది తియ్యటి పిలుపేం కాదు. కానీ పరలోకరాజ్యం ఈ యజమానిని పోలి ఉంది అని కథ మొదట్లోనే ఉంది, దాన్ని ఏం చేస్తారు?

నల్లకుంట_నాస్తికుడు
దాన్ని మీరు చేసుకోండి, మీ సిలబస్.

బోరబండ_మేస్త్రి
నేను సుతారి మేస్త్రిని. పదహారేళ్లు కూలీల అడ్డా మీద నిలబడ్డాను, ఇప్పుడు నేనే మనుషుల్ని తీసుకుపోతున్నాను. గుడికి మా ఇంటామె పోతుంది, నేను క్రిస్మస్‌కి పోతా. కానీ ఈ కథ విన్నప్పుడు, ఇది చెప్పినాయనకి అడ్డా సంగతి మస్తు తెలుసు అనిపించింది.

పొద్దుగాల ఆరున్నర, ఏడింటికి బండి ఆగుతుంది. ఆగకముందే పదిమంది ఎగబడతారు. తీసుకుపోయేవాడు ముందు భుజాలు చూస్తాడు, తర్వాత చేతులు. వయసు పిల్లలు ముందు ఎక్కుతారు. తొమ్మిదింటికి వచ్చే ఓనర్ తక్కువకి బేరం ఆడతాడు, ఎందుకంటే అప్పటికి టైమ్ పోయిందని ఇద్దరికీ తెలుసు. పది దాటాక నీడ జరిగిపోతుంది. సద్ది డబ్బా పనిలో తినాల్సింది అక్కడే ఫుట్‌పాత్ మీద తినేస్తారు. పదకొండుకి సగం మంది ఇంటి దారి పడతారు.

అప్పటికి ఎవరు మిగులుతారో తెలుసా? జుట్టుకి నల్లరంగు వేసుకున్న ముసలాయన. తెల్లజుట్టు కనబడితే ఎవరూ ఎక్కించుకోరు కాబట్టి రంగు. చేయి విరిగి వంకరగా అతుక్కున్నాయన. చంటిపిల్లతో వచ్చినామె. వీళ్లు ఆలస్యంగా వచ్చినవాళ్లు కాదు. ఒక్కోరోజు అందరికన్నా ముందు, ఐదున్నరకే వచ్చి నిలబడేది వీళ్లే. కథలో అయిదింటికి దొరికినవాళ్లు ఏం చెప్పారు? మమ్మల్ని ఎవరూ పెట్టుకోలేదు అన్నారు. నిద్ర లేవలేదు అని చెప్పలేదు కదా.

అందరూ "చివర వచ్చినవాళ్లు" అంటుంటే నాకు అదే నచ్చదు.

అడిక్‌మెట్_ఆంటీ
మేస్త్రిగారూ, ముప్పై ఏళ్లుగా ఈ ప్రసంగం వింటున్నాను, ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

ఆడకూలీల సంగతి మీరు ఎత్తారు కాబట్టి ఒకటి. ఒకే ఇల్లు, ఒకే రోజు, మాల్ మోసే మగాడికి ఒక రేటు, అదే గంప ఎత్తే ఆడమనిషికి రెండు వందలు తక్కువ. మా ఇంటి మీద గది వేసినప్పుడు నేనే కళ్లారా చూశాను. సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. ఇద్దరికీ సమానంగా ఇవ్వండి అన్నాను, మిగతా డబ్బు నేనే ఇస్తానన్నాను. మగ కూలీలు సణిగారు! వాళ్లది ఒక్క రూపాయి తగ్గలేదు. ఆ రోజు నాకు 12వ వచనంలో సణుగుడు కళ్లకి కట్టింది.

కూకట్‌పల్లి_కోడర్
ఆంటీ, ఇంతకీ ఇచ్చారా?

అడిక్‌మెట్_ఆంటీ
ఇచ్చాను. మేస్త్రి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. (బోరబండ ఆయన కాదులెండి.)

యేసే_నా_కాపరి
మనం దారి తప్పుతున్నాం. ఇది కూలి రేట్ల కథ కాదు. రక్షణ గురించిన ఉపమానం. తోట సంఘం, దేనారం నిత్యజీవం, సాయంత్రం తీర్పుదినం. ఇరవై ఏళ్ల విశ్వాసికీ, సిలువ మీద దొంగకీ ఒకటే పరలోకం. అంతే.

వేదాంతం_సెకండియర్
@యేసే_నా_కాపరి మీరు చెప్పింది చాలా పాత వ్యాఖ్యానం, తప్పు అనను. రెండో శతాబ్దంలో ఇరేనియస్ అనే బిషప్, పనివాళ్లని పిలిచిన ఆ గంటల్ని సృష్టి ఆరంభం నుంచి మొదలుపెట్టి లోక చరిత్రలోని యుగాలు అన్నాడు. ఓరిజెన్, ఆ తర్వాత అగస్టీన్ అనే తొలినాటి క్రైస్తవ పండితులు దాన్నే మనిషి వయసుకి కూడా కలిపారు: చిన్నతనంలో నమ్మినవాడు పొద్దున వచ్చినవాడు, ముసలితనంలో నమ్మినవాడు అయిదింటివాడు. అగస్టీన్ వెంటనే ఒక చురక కూడా పెట్టాడు. పిలుపు వచ్చినా సాయంత్రం వద్దాంలే అనుకోకు, నువ్వు సాయంత్రం దాకా ఉంటావని ఎవరూ మాటివ్వలేదు అని.

1888లో జర్మనీలో యూలిషర్ అనే ఆయన వచ్చి, ఉపమానంలో ప్రతి వస్తువుకీ ఒక అర్థం తగిలించడం ఆపండి, ఒక్కో కథకి ఒకటే ముఖ్యమైన మాట అన్నాడు. అప్పటి నుంచి మా క్లాసుల్లో ఆ పోట్లాట నడుస్తూనే ఉంది.

కానీ కూలి రేట్ల కథ కాదు అనేస్తే ఒక చిక్కు ఉంది. సాయంత్రం అవగానే యజమాని కూలి ఇప్పించాడు. ఎందుకు? ద్వితీయోపదేశకాండం 24లో ఉంది, పేదవాడి కూలి ప్రొద్దు గుంకకముందే ఇచ్చేయాలి, అతను దాని మీదే ఆశ పెట్టుకున్నాడు అని. దేనారం అప్పట్లో ఒక రోజు కూలి, ఒక ఇంటి రోజు గింజలు. పన్నెండో వంతు ఇచ్చి పంపితే అది న్యాయమే, కానీ ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. నిత్యజీవం అని చెప్పేటప్పుడు ఆ పొయ్యి మరచిపోతే ఎలా?

బోరబండ_మేస్త్రి
పొద్దు గుంకకముందు ఇవ్వాలని రాసి ఉందా? మా ఓనర్ ఒకాయన మూడు నెలలైంది, ఇంకా నలభై వేలు ఆపాడు. స్లాబు పడ్డాక ఫోన్ ఎత్తడు. ఆయన కారు వెనక కూడా వాక్యం రాసి ఉంటుంది.

సణుగుడు_సంఘం
యాకోబు 5:4 స్టిక్కర్ కొట్టించి ఆ వాక్యం పక్కనే అంటించండి మేస్త్రీ. చేలు కోయించి బిగపట్టిన కూలి మొర్రపెడుతుంది అని ఉంటుంది.

నల్లకుంట_నాస్తికుడు
మేస్త్రిగారికి ఒక ప్రశ్న. వచనాలు పక్కన పెట్టండి. గంట పని చేసినవాడికి మీరు పూర్తి కూలి ఇస్తారా? ఇస్తే మర్నాడు అందరూ అయిదింటికి రారా?

బోరబండ_మేస్త్రి
ఒకసారి ఇచ్చాను. నాచారంలో లప్పం పని. సాయంత్రం నాలుగున్నరకి ఒక ముసలాయన గేటు దగ్గర నిలబడి ఏమైనా ఉందా అన్నాడు. పొద్దున అడ్డా మీద చూసిన మనిషే, నేనే వదిలేసి పోయా. గమేళాలు కడిగించి, సంచులు మడిపించి, ఎనిమిది వందలు చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఎక్కువ ఇచ్చావు బిడ్డా అని వెనక్కి ఇవ్వబోయాడు.

నా దగ్గర నలుగురున్నారు. ఒక్కడూ మాట్లాడలేదు. మర్నాడు నలుగురూ పదింటికి వచ్చారు!

మీ నాస్తికుడి మాట నిజమే. కానీ ఒకటి చెప్తా. ఆ ఎనిమిది వందలు నా జేబులోవి. ఓనర్ బిల్లులో రాయలేదు, ఆ నలుగురి కూలిలో కోయలేదు. వాళ్లది కోసి ఇచ్చి ఉంటే నన్ను గమేళాతో కొట్టేవాళ్లు, కొట్టాలి కూడా.

కూకట్‌పల్లి_కోడర్
మర్నాడు పదింటికి వచ్చారు అన్న లైన్ దగ్గర మెట్రోలో గట్టిగా నవ్వాను. పక్కాయన జరిగి కూర్చున్నాడు.

గన్‌ఫౌండ్రీ_కేథలిక్
మాకు ఈ పాఠం మూడేళ్లకోసారి సెప్టెంబర్‌లో వస్తుంది. మా ఫాదర్ ఒకసారి చెప్పారు, తూర్పు ఆర్థడాక్స్ గుళ్లలో ఈస్టర్ రాత్రి బంగారు నోటి యోహాను అనే పాతకాలపు బిషప్ ప్రసంగం ఒకటి చదువుతారట. ఉపవాసం ఉన్నవాళ్లూ రండి, లేనివాళ్లూ రండి, పదకొండో గంటకి (అంటే మన సాయంత్రం అయిదింటికి) వచ్చినవాడు కూడా ఆలస్యమైందని భయపడొద్దు, విందు సిద్ధంగా ఉంది అని. అక్కడ అదే ఉపమానంతో అందర్నీ లోపలికి పిలుస్తున్నారు. చిన్నోడు వాళ్ల గుళ్లో ఒక పెద్దాయనకి లేచి బయటికి వెళ్లాలనిపించేలా చదివారు.

నైట్‌డ్యూటీ_నర్స్
మా నాన్న జీవితంలో ఒక్కరోజు గుడి గడప తొక్కలేదు. అమ్మ తొక్కితే కొట్టాడు. నిజంగానే కొట్టాడు. చివరి తొమ్మిది రోజులు ఐసీయూ బయట వార్డులో ఉన్నప్పుడు బాప్తిస్మం కావాలన్నాడు. పాస్టర్ వచ్చి గ్లాసు నీళ్లతో ఇచ్చారు. అంత్యక్రియల్లో అందరూ ఈ ఉపమానమే చెప్పారు. అయిదు గంటల పనివాడు, అదే దేనారం, హల్లెలూయ.

అమ్మ ఒక్క మాట అంది, నా ఒక్కదానికే వినపడేలా. "మరి పొద్దుటి నుంచి ఎండలో ఉన్నది నేనే కదా" అని.

నాన్నకి పరలోకం దొరకలేదని నేను అనను. దొరికే ఉంటుంది. కానీ ఆ రోజు మైకు పట్టుకున్న ఒక్కరూ అమ్మ ఎండ గురించి మాట్లాడలేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ మింగుడుపడదు.

అడిక్‌మెట్_ఆంటీ
తల్లీ. ఏం రాయాలో తెలియడం లేదు. అమ్మ ఎలా ఉన్నారు?

నైట్‌డ్యూటీ_నర్స్
బాగున్నారు ఆంటీ. ఇప్పుడు స్త్రీల సమాజం అధ్యక్షురాలు. ఎవరి మాటా వినదు.

రిటైర్డ్_పాదిరి
నలభై ఏళ్ల సేవలో ఈ భాగం మీద పదకొండుసార్లు ప్రసంగించాను, పాత డైరీలు తీసి లెక్కపెట్టాను. నర్సమ్మ రాసింది చదివాక అందులో కనీసం నాలుగు వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది.

చిన్నోడు అడిగిన దానికి నా జవాబు. ఉపమానంలో ముగ్గురున్నారు. యజమాని, పనివాళ్లు, ఇంకొకడు: 8వ వచనంలో వచ్చే గృహనిర్వాహకుడు. కూలి పంచిపెట్టేవాడు. మా పాస్టర్లకి ఆ కథలో వేషం ఏదైనా ఉంటే అదే. ఇంకా చెప్పాలంటే మేమూ ఏదో ఒక గంటకి పిలవబడ్డ పనివాళ్లమే. "నా సొంత సొత్తుతో నా ఇష్టం" అనే మాట యజమానిది. గుడి తాళం మీ పాస్టర్ సొంత సొత్తు కాదు. అది పన్నెండు కుటుంబాలు రేకులు మోసి కట్టుకున్నది. మేస్త్రిగారు చెప్పిన లెక్కే ఇది. తన జేబులోంచి తీసి ఇస్తే ధారాళం. ఇంకొకడి గోడ మేకు మీద నుంచి తీసి ఇచ్చి ఆ వాక్యం చదివితే, వాక్యాన్ని అప్పు తెచ్చుకున్నట్టు.

ఇంకొకటి. సణిగినవాళ్ల మాటలు తొలగించకుండా సువార్తలో అలాగే ఉంచారు. పగలంతా కష్టపడ్డాం, ఎండబాధ సహించాం అన్నారు. యజమాని ఆ మాట అబద్ధం అనలేదు. వాళ్లని పనిలోంచి తీసేయలేదు, దేనారం ఆపలేదు.

యేసే_నా_కాపరి
అయ్యగారూ, మీరు ఇలా రాస్తే ప్రతి సంఘంలో ప్రతి పెద్దాయనా తాళంచెవి పట్టుకుని కూర్చుంటాడు. మా దగ్గర ఒక కమిటీ పదిహేనేళ్లుగా దిగలేదు. కొత్తవాళ్లు హార్మోనియం ముట్టుకోవాలన్నా పర్మిషన్. ఆ బాధ కూడా రాయండి.

రిటైర్డ్_పాదిరి
ఒప్పుకుంటున్నాను. నా డైరీలో మిగతా ఏడు ప్రసంగాలు వాళ్ల కోసమే.

ఒంగోలు_టు_ఉప్పల్
మా తాతలు ఒంగోలు మిషన్ వాళ్లు కాబట్టి ఒక పాత సంగతి. 1876-78 కరువులో జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టాడు. ఎందుకంటే ఆకలితో ఉన్నవాళ్లకి, ముఖ్యంగా మాదిగలకి, మాలలకి, పని ఇవ్వడానికి. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లకి మాత్రం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారంటారని ఆపాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. నీళ్లలో దిగి ఇచ్చింది ఆయన కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని.

ఎవరూ కూలికి పెట్టుకోనివాళ్లు అని మేస్త్రిగారు అన్నప్పుడు నాకు మా తాతలే గుర్తొచ్చారు. ఊళ్లో అడ్డా మీద కూడా నిలబడనివ్వని రోజులు అవి.

మెదక్_మనవరాలు
మెదక్ గుడి సంగతీ అంతే కదా. పాస్నెట్ అనే మిషనరీ దొరగారు కరువులో జనానికి పని కల్పించి ఆ గుడి కట్టించారు, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. మా ముత్తవ్వ రాళ్లు మోసిందని ఇంట్లో చెప్తారు. క్రిస్మస్‌కి వెళ్లినప్పుడల్లా మా అమ్మ ఒక స్తంభం తట్టి "ఇది మనదే" అంటుంది. ఏ స్తంభమో ప్రతి ఏడూ మారుతుంది.

గాంధీనగర్_గుమాస్తా
ఇన్ని పోస్టుల్లో గాంధీ రాకపోవడం ఏమిటి? రస్కిన్ అనే ఇంగ్లీషు రచయిత 1860లో రాసిన ఆర్థిక వ్యాసాలకి పేరు ఈ ఉపమానం నుంచే పెట్టాడు, "కడపట వచ్చిన వీరికిని" అనే 14వ వచనం ముక్క. 1904లో జొహాన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్లే రైలెక్కేటప్పుడు పోలాక్ అనే స్నేహితుడు ఆ పుస్తకం గాంధీ చేతిలో పెట్టాడు. రాత్రంతా నిద్రపోలేదు. ఆ ఏడే ఫీనిక్స్ ఆశ్రమం, అక్కడ పనిచేసే అందరికీ ఒకటే భత్యం అన్న ఏర్పాటు. 1908లో గుజరాతీలో దాని సారం రాసి సర్వోదయ అని పేరు పెట్టాడు. ఆ మాట మన దగ్గరికి వచ్చింది ఈ ద్రాక్షతోట నుంచే.

నల్లకుంట_నాస్తికుడు
ఇది నాకు తెలియదు. ఒక మార్కు మీకు.

చిలకలగూడ_చిన్నోడు
ఇన్ని వస్తాయనుకోలేదు. నిన్న రాత్రి పాదిరిగారిదీ మేస్త్రిగారిదీ నాన్నకి చదివి వినిపించాను. పాదిరిగారి పోస్టుకి ఏమీ అనలేదు. మేస్త్రిగారి ముసలాయన దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నాడు. తర్వాత చెప్పాడు, 26 ఏళ్ల కిందట ఫ్యాక్టరీ మూతపడి ఉద్యోగం పోయి, ఏ పనీ లేకుండా ఆరు నెలలు తిరుగుతున్నప్పుడు ఆ రేకుల షెడ్డులో మొదటి పాస్టర్‌గారు పిలిచి తాళంచెవి చేతిలో పెట్టారట. "నీకు పొద్దున లేస్తే వెళ్లడానికి ఒక చోటు ఉండాలి కదా" అని. నాకు ఇది ఇప్పటిదాకా తెలియదు. నాన్నకి తాళంచెవి పదవి కాదన్నమాట.

@యేసే_నా_కాపరి మీ ప్రశ్నకి ఇది జవాబో కాదో నాకు తెలియదు.

యేసే_నా_కాపరి
మొదటి పోస్టు తొందరపడి రాశాను. నాన్నగారికి నా వందనాలు చెప్పండి.

చిలకలగూడ_చిన్నోడు
అప్‌డేట్. నవ్వకుండా చదవండి.

ఈ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కొత్త పెద్దగారి నుంచి నాన్నకి ఫోన్. తాళం రావడం లేదు, బయట నలభై మంది నిలబడ్డారు, క్వాయర్ పిల్లలు మెట్ల మీద కూర్చున్నారు. ఆ తాళం అలా రాదు. ఎడమ చేత్తో తలుపుని కొంచెం పైకెత్తి, తాళంచెవిని సగం బయటికి లాగి, అప్పుడు తిప్పాలి. ఇది ఏ వాట్సాప్ మెసేజ్‌లోనూ లేదు మరి. నాన్న లుంగీ మార్చుకోకుండానే వెళ్లి తీసి వచ్చాడు.

మధ్యాహ్నం కొత్త పెద్దగారు ఇంటికొచ్చారు. ఆ మెసేజ్ సంగతే ఆయనకి తెలియదట. తాళంచెవి మీరే అడిగి ఇచ్చేశారని ఆయనకి చెప్పారట. గంటసేపు కూర్చుని అమ్మ చేసిన తలకాయ కూర తిన్నారు. రెండో తాళంచెవి చేయిద్దాం, ఒకటి మీ దగ్గర ఉండాలి అన్నారు. మేకు ఇంకా గోడకే ఉంది.

పాస్టర్‌గారు ఇంకా ఏమీ మాట్లాడలేదు. ఆదివారం ప్రసంగం యోనా ప్రవక్త కథ మీద.

సణుగుడు_సంఘం
యోనా 4వ అధ్యాయం అయితే చెప్పు, సొరచెట్టు కింద కూర్చుని అలిగిన కథ. మళ్లీ మీ నాన్న మీదేనేమో.

చిలకలగూడ_చిన్నోడు
లేదు, చేప వరకే వచ్చారు.

కూకట్‌పల్లి_కోడర్
తలకాయ కూర ఫోటో ఏది?

బోరబండ_మేస్త్రి
రేపు బోడుప్పల్‌లో లప్పం పని, ఇద్దరు హెల్పర్లు కావాలి. ఎవరికైనా తెలిసినవాళ్లుంటే ఏడింటికల్లా అడ్డా దగ్గరికి పంపండి. వయసు ఎంతైనా పర్వాలేదు. అయిదింటికి మాత్రం రావొద్దు, నా దగ్గర అంత లేదు.